రెండు హారన్లు

గాలి సంగతి సైకిల్ తొక్కనివాడికి చెప్పడం కష్టం. ఎదురుగాలి అంటే అందరికీ తెలుసు. ఉప్పల్ నుంచి నాచారం ఫ్యాక్టరీలకు డ్యూటీకి పోయే ప్రతివాడూ ఆషాఢంలో దాన్ని తిట్టినవాడే. కానీ పందెంలో మనిషిని ముంచేది ఎదురుగాలి కాదు, పక్కగాలి. నేను దాన్ని ఒక్క పూటలో నేర్చుకున్నాను. నేర్చుకున్నాక చేయడానికి ఏమీ మిగల్లేదు.

నాచారంలో ఫ్యాక్టరీ గోడ పక్కన నాకు సైకిల్ ట్యాక్సీ ఉండేది. అంటే కిరాయి సైకిళ్ల దుకాణం. పంక్చర్లు, రిపేర్లు కూడా చేసేవాణ్ణి. రెండు వేల సంవత్సరం దాటాక కిరాయికి అడిగేవాళ్లు తగ్గిపోయారు. దుకాణంలో మిగిలింది నేను, మా బామ్మర్ది. నా భార్యకు తమ్ముడు. భువనగిరి దిక్కు నుంచి వచ్చి పైపుల ఫ్యాక్టరీలో టెంపరరీగా చేరాడు. టెంపరరీగానే ఉండిపోయాడు. డ్యూటీ దిగగానే నా దగ్గరికొచ్చి చక్రాలు తిప్పుకుంటూ కూర్చునేవాడు. పందెం సైకిల్ ఒకటి పాత సామానుతో ఇద్దరం కలిసి కట్టాం. వాడి కాళ్లలో ఏదో ఉందని మొదటి రోజే నాకు తెలిసింది.

ఆ ఏడు మన వైపు నాలుగు రోజుల పందెం పెట్టారు. రోజుకో దారి. ఏ రోజు ఎంతసేపు పట్టిందో రాసుకుని, నాలుగు రోజులవీ కలుపుతారు. తక్కువ సమయం ఎవరిదైతే వాడు ముందు. ఒక్క రోజు చెడితే మిగతా మూడు రోజుల కష్టం మట్టిలో కలిసినట్టే. సైకిల్ తొక్కడమే నౌకరీగా ఉన్న జట్లు దూరం నుంచి వచ్చాయి. అందులో ఒక జట్టు పెద్దమనిషి మావాడి తొక్కుడు చూసి మాట ఇచ్చాడు. మొదటి ఇరవై మందిలో నిలిస్తే జట్టులోకి తీసుకుంటాం, పర్మినెంటు నౌకరీ అన్నాడు. మావాడికి ఇరవై ఎనిమిది నిండబోతున్నాయి. నిండితే తీసుకోరు. అంటే ఇదొక్కటే పందెం.

మావాడికి తొక్కుడు నేర్పింది నేను, వరంగల్ రోడ్డు మీద. ఉప్పల్ దాటి ఘట్‌కేసర్ దాకా, అక్కడి నుంచి వెనక్కి. అప్పుడా రోడ్డు ఇప్పటంత వెడల్పు లేదు. లారీ తగిలి మళ్లీ సైకిల్ ఎక్కనివాళ్లు ఇద్దరు నాకు తెలుసు. అందుకే నా మొదటి పాఠం, ఆఖరి పాఠం ఒకటే: ఎడమ అంచు ఇడువకు. నేను మోపెడ్ మీద వెనక ఉండేవాణ్ణి. రెండు హారన్లు కొడితే, వెనక్కి చూడకుండా ఎడమ అంచుకు పోవాలి. ఎందుకని అడగొద్దు. తొమ్మిదేళ్లు ఇదే చదువు.

"నీ హారన్‌కు నా తమ్ముడు సర్కస్ గుర్రం లెక్క అయిండు" అని మా ఇంటామె నవ్వేది.

"గుర్రమైతెనన్న బతుకుతడు" అనేవాణ్ణి నేను. లోపల గర్వంగానే ఉండేది.

మొదటి రెండు రోజులు అయ్యేసరికి మావాడు పద్నాలుగో స్థానంలో ఉన్నాడు. నాచారం అంతా చెప్పుకున్నాను. ఊరివాళ్లు ఏడుగురు తొక్కుతుంటే, వాళ్లందరికీ కలిపి ఒక వ్యాన్ ఇచ్చారు. విడి చక్రాలు, నీళ్ల సీసాలు పెట్టుకుని నేను ముందు సీట్లో. డ్రైవర్ మల్కాజిగిరి మనిషి, మాటకారి.

మూడో రోజు పొద్దున ప్రతి బండికీ ఆ రోజు దారి సంగతులు రాసిన కాగితం ఒకటి ఇచ్చారు. రోజూ ఇచ్చేదే. నా చేతిలో పెట్టారు.

"ఏం రాసిన్రే పెద్దాయనా?" అన్నాడు డ్రైవర్.

"ఏముంటది, నిన్నటిదే" అన్నాను.

నాకు చదువు రాదు. అది డ్రైవర్‌కు చెప్పడం నాకు నామోషీ. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఇంత చిన్న పని.

వరంగల్ రోడ్డు మీద గాలి వెనక నుంచి తోస్తుంటే అందరూ ఒకే గుంపుగా, పక్షులు లేచినట్టు పోయారు. మావాడు నీళ్ల కోసం వెనక్కి జారి, వ్యాన్ పక్కకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"బావా, కాళ్లు మస్తు తిరుగుతున్నయ్. ఇయ్యాల పదిమందిల ఉంటా."

"మాటలు బంద్ జేసి తొక్కురా. ముందటికి పో."

సీసా అందుకుని వాడు గుంపు తోకను పట్టుకున్నాడో లేదో, దారి కుడికి మళ్లింది. అటూ ఇటూ చెట్టు లేదు, గోడ లేదు, దున్నిన చేలే. పడమటి గాలి ఇప్పుడు కుడి డొక్కలో కొట్టింది. వ్యానే ఊగింది.

జీతానికి తొక్కే జట్లకు ఆ మలుపు ముందే తెలిసినట్టుంది. నలుగురు కుడి అంచుకు పోయారు. మిగతావాళ్లు ఒకడి ఎడమ భుజం వెనక ఒకడు చేరారు. రోడ్డుకు అడ్డంగా ఏటవాలు వరస పడింది. ముందున్నవాడు గాలి తిని, అలసిపోగానే వెనక్కి జారుతాడు, ఇంకొకడు ముందుకొస్తాడు. రోడ్డు ఎంత వెడల్పో అంతమందికే అందులో చోటు. చోటు దొరకనివాడు ఎడమ అంచున పడతాడు. అక్కడ ముందు మనిషి ఉన్నా చాటు ఉండదు, గాలంతా వాడిదే. బయటపడాలంటే ఒకటే మార్గం. కుడికి పోయి, వెనకున్నవాళ్లను కూడగట్టి, రెండో వరస పెట్టుకోవాలి. కుడికంటే ఎక్కడికి? మొదటి రెండు రోజులూ లారీలు ఎదురొచ్చిన సగంలోకి.

మన ఏడుగురూ ఎడమ అంచును పట్టుకుని వేలాడారు. అందరూ వరంగల్ రోడ్డు మీద నేర్చినవాళ్లే కదా.

అప్పుడు మావాడు కుడికి జరిగాడు. ఎవరు చెప్పారో తెలియదు, కాళ్లే చెప్పాయేమో. ఎడమ చెయ్యి ఊపుతూ వెనకవాళ్లను పిలుస్తున్నాడు. "రాండ్రి, రాండ్రి!" అనేది గాలిలో ముక్కలై వినబడింది. ఇద్దరు కదిలారు కూడా.

వాడు రోడ్డు కుడి సగంలో ఉన్నాడు. నా కళ్లకు అదొక్కటే కనబడింది. డ్రైవర్ మీదుగా చెయ్యి చాపి హారన్ కొట్టాను. రెండుసార్లు.

వెనక్కి చూడలేదు వాడు. ఎడమ అంచుకు వచ్చేశాడు. కదిలిన ఇద్దరూ వచ్చేశారు.

"ఏంది పెద్దాయనా, ఎందుకు కొట్టినవ్? రోడ్డు ఖాళీగనే ఉన్నది గద" అన్నాడు డ్రైవర్.

ముందు వరసకూ మావాడికీ మధ్య రెండు బారల సందు ఏర్పడింది. తర్వాత పది బారలు. తర్వాత వాళ్లు దుమ్ములో చుక్కలయ్యారు. ఎడమ అంచున మనవాళ్లు ఒక్కొక్కరుగా తెగిపోయారు. మావాడు తల వంచి, సైకిల్‌ను గాలికి ఒరిగించి, పందెం ముగిసే ఊరు దాకా ఒంటరిగా తొక్కాడు. వాడి వెనకే ఆ దూరమంతా నేను కూర్చుని వచ్చాను.

పద్నాలుగో స్థానం నలభై దాటింది. అంత సమయం తేడాను నాలుగో రోజు ఎవడూ పూడ్చలేడు. మాట ఇచ్చిన పెద్దమనిషి మా వ్యాన్ ముందు నుంచే నడిచిపోయాడు, ఇటు చూడలేదు.

మావాడు వ్యాన్ నీడలో వెల్లకిలా పడుకుని అడిగాడు.

"బావా, ఎదురుంగ ఏమొచ్చింది?"

"లారీ" అన్నాను. "వస్తుండె."

"నేను సూడలే."

"నువ్వెట్ల సూస్తవ్ రా, తల వంచి తొక్కుతుంటివి."

వాడు తలాడించాడు. తర్వాత చాలా ఏళ్లు ఆ కథ చెప్పుకు బతికాడు. పైపుల ఫ్యాక్టరీలో, పెళ్లిళ్లలో, టీ కొట్ల దగ్గర. "నౌకరీ పోతే పాయె, పానం దక్కింది. మా బావ హారన్ కొట్టకుంటె లారీ కింద పోయేటోన్ని." నేను పక్కనే ఉండి ఊ కొట్టేవాణ్ణి.

ఫ్యాక్టరీ మూతపడింది. నా దుకాణం అంతకుముందే పోయింది. తెలంగాణ కోసం రోడ్ల మీద జనం కూర్చుంటున్న రోజుల్లో, మా కాలనీ హాల్లో పెద్దవాళ్లకు సాయంత్రం బడి పెట్టారు. అరవై దాటాక నేను పలక పట్టాను. టీచరమ్మ కోస్తా మనిషి. "ఇంట్లో ఏ కాగితం ఉన్నా తీసుకురండి తాతగారూ, చదువుదాం" అంది. నా ట్రంకు పెట్టెలో ఆ మూడో రోజు కాగితం ఉంది. ఎందుకు దాచానో నాకే తెలియదు.

గుణింతాలు కూడబలుక్కుని చదివాను. మలుపు దాటాక పక్కగాలి బలంగా ఉంటుంది. అక్కడి నుంచి ఊరు దాకా రెండు వైపులా బండ్లు ఆపేస్తారు, ఆఖరి సైకిల్ దాటేదాకా వదలరు. రోడ్డంతా వాడుకోవచ్చు.

టీచరమ్మ "బాగా చదివారండీ!" అని చప్పట్లు కొట్టింది.

మావాడు అప్పటికి నాగోల్‌లో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్. మెట్రో స్తంభాల కోసం తవ్విన ఉప్పల్ రోడ్డు దుమ్ము తినుకుంటూ వెళ్లాను. వాడి కుర్చీ పక్కన నిలబడి మొత్తం చదివి వినిపించాను. ఒక్క మాట వదలకుండా. లారీ కూడా లేదురా అని చెప్పాను.

వాడు గేటు వైపే చూస్తూ విన్నాడు. కోపం వస్తుందనుకున్నాను. వస్తే బాగుండేది.

"ఎందుకు సదివినవ్ బావా?" అన్నాడు. "లారీ ఉన్నన్ని దినాలు మంచిగనె ఉంటి."

అంతే అన్నాడు. ఇప్పటికీ ఇంటికొస్తాడు, అక్క చేతి టీ తాగి పోతాడు. ఆ కథ మాత్రం మళ్లీ ఎవరికీ చెప్పలేదు.