కాలని ఆకు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పండిన పొగాకు ఊరు దాటాలంటే ముందు అది మా తాతయ్య నోట్లో కాలాలి. తాతయ్యంటే మా అమ్మకి నాన్న. సింగరాయకొండకి పడమటగా ఉండే మా ఊళ్ళో అప్పట్లో అందరూ చుట్టలకి పనికొచ్చే నాటు పొగాకే వేసేవాళ్ళు. ఏటా వేసవిలో ఒంగోలు నుంచి వ్యాపారి ఒకాయన వచ్చి ఊరి ఆకంతా ఒక్కసారే కొనుక్కుపోయేవాడు. ఆయన రావడానికి ముందు రోజు తాతయ్య ఇంటింటికీ వెళ్ళేవాడు. పేర్చిన ఆకు కుప్పని మండె అంటారు. ఆ మండె నడుమ నుంచి ఆకులు లాగి, ఈనెలు తీసేసి, అక్కడే కూర్చుని చుట్ట చుట్టి కాల్చేవాడు. ఆయన సరేనన్న ఆకే బండెక్కేది. ఒక్కరి ఆకు చెడినా ఆ వ్యాపారి మళ్ళీ ఊరి మొహం చూడడని అందరికీ భయం.

చుట్ట కాల్చడం ఆయనకి ఓ పెద్ద తతంగం. ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో మెల్లగా నొక్కి, ఆకు ఎంత ఆరిందో చప్పుణ్ణిబట్టి తెలుసుకునేవాడు. ముట్టించాక మొదటి దమ్ము ఊరికే వదిలేసేవాడు, అది అగ్గిపుల్ల రుచట. రెండోది నోట్లో కాసేపు ఉంచుకుని ముక్కులోంచి వదిలేవాడు. ఘాటు గొంతుకి తగలాలి కానీ నాలుకని కొరకకూడదు. ఆ తర్వాత చుట్టని అరుగు అంచున పెట్టేసి మిరప చేల సంగతో, ఎద్దుల సంగతో మాట్లాడుతూ కూర్చునేవాడు. చూసేవాళ్ళకి అది కబుర్ల కాలక్షేపంలా కనిపించేది గానీ ఆయన కళ్ళు చుట్ట మీదే ఉండేవి. నిప్పు ఆరకుండా నిలవాలి, నుసి తెల్లగా విరగకుండా నిలబడాలి. నల్లగా పొడిపొడిగా రాలిందంటే ఆ ఆకు ఉప్పునీళ్ళు తాగిందని లెక్క.

ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. మా చేలో బావి ఉండేది కానీ అందులోవి ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళు పెడితే ఆకు పెరుగుతుంది కానీ కాలదని తాతయ్య మా నాన్నకి ముందే చెప్పాడు. మా నాన్న కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు, మొక్కలు తలలు వాల్చేసరికి ఓర్చుకోలేక ఆ నీళ్ళే పెట్టాడు. ఆకు చేటంత వెడల్పున, మందంగా వచ్చింది. పక్క చేలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. ఇందులో మా నాన్న మీద నాకేం కోపం లేదు. కళ్ళముందు పైరు ఎండిపోతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఏ రైతు వల్లా కాదు. నా కోపమంతా ఆ తర్వాత చేసిన పని మీద.

తాతయ్య మా ఇంటికి వచ్చిన రోజు వీధిలో మగవాళ్ళంతా వెంట వచ్చారు. ఆయన బయట నులకమంచం మీద కూర్చుని ఈనెలు తీస్తున్నాడు. మా నాన్న వంటింట్లోకి వెళ్ళి, బయటికి వినపడాలనే గొంతు పెంచి, అమ్మతో అన్నాడు.

"మీ నాన్న గనక నా ఆకు బాగాలేదన్నాడా, ఇంక నువ్వా ఇంటి గడప తొక్కటానికి లేదు. చెప్తున్నా."

అందరూ విన్నారు. తాతయ్యా విన్నాడు. ఆయనకి మా అమ్మ ఒక్కతే కూతురు, పుట్టిల్లు రెండు వీధుల అవతలే. అమ్మ తడి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

తాతయ్య చుట్ట ముట్టించి పక్కన పెట్టాడు. బళ్ళో ఏం చెప్తున్నారని నన్ను అడిగాడు. నేను చెప్పడం పూర్తికాకముందే నిప్పు ఆరిపోయింది. మళ్ళీ ముట్టించాడు, మళ్ళీ ఆరింది. నల్లటి నుసి ఆయన పంచె మీద రాలింది. ఆయన మా నాన్న వైపు చూడలేదు. చాలాసేపు మా అమ్మనే చూశాడు.

"కాలట్లేదయ్యా. ఈ ఆకు బండెక్కదు," అన్నాడు.

"సొంత అల్లుడి పరువు తీయటానికి వచ్చావా మావయ్యా!" అని మా నాన్న చుట్టముక్కని కాలితో తన్నాడు. ఆ క్షణంలో నాకు తాతయ్య మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. బాగుందని ఒక్క మాట అంటే ఏం పోయింది? వీధిలో వాళ్ళ మీద ఇంకా కోపం వచ్చింది. తమ ఊరి పేరు నిలబడిందని ఊపిరి పీల్చుకుని, లోపల్లోపల నవ్వుకుంటూ, అన్నాలకి వెళ్ళిపోయారు. అమ్మ మొహం ఎలా ఉందో వాళ్ళలో ఒక్కరూ చూడలేదు.

మర్నాడు తెల్లవారగానే తాతయ్య బండి మా ఇంటి ముందు ఆగింది. బండి నిండా ఆయన చేలో పండిన ఆకు. దాన్ని మా పందిట్లో దింపాడు, మా ఆకు తన బండికెత్తుకున్నాడు. మా నాన్న వీపు తిప్పి కూర్చున్నాడు. వద్దనలేదు. మధ్యాహ్నం వ్యాపారి వచ్చి తాతయ్య ఆకుని మా ఆకుగా కొనుక్కుని వెళ్ళాడు. మా నాన్న ఆకైతే తీసుకున్నాడు గానీ అమ్మతో అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఇన్నేళ్ళయినా అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను తాతయ్యతో పోట్లాడదామని వెళ్ళాను. ఆయన ఇంటి ముందు కూర్చుని మా ఆకుతో చుట్టిన చుట్టే కాలుస్తున్నాడు. మంచం కింద అగ్గిపుల్లలు చెల్లాచెదురుగా పడున్నాయి. అబద్ధం చెప్పుంటే అమ్మ నీ దగ్గరికి వచ్చేది కదా అన్నాను. ఆయన దగ్గు ఆపుకున్నాడు.

"ఆకు మనదే తల్లీ. మంచిదని అబద్ధం చెప్పలేను. చెడిందని దిబ్బలో పారేయనూలేను. మరి ఎవరో ఒకరు తాగాలిగా."

అప్పుడు నాకది పిచ్చి మాటలా అనిపించింది. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేశాను. ఆయన మాత్రం వానాకాలమంతా ఆ ఆకే కాల్చాడు. ఆరితే ముట్టించేవాడు, ముట్టిస్తే ఆరేది. అమ్మ ఆయన్ని ఆదివారం చర్చిలో మాత్రమే చూసేది. ఆడవాళ్ళ చాప మీద తలొంచుకుని కూర్చుని, మగవాళ్ళ వైపు నుంచి వచ్చే ఆ దగ్గు వినేది.

ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో ఆ దగ్గు ఆగలేదు. అయ్యగారు కూడా ప్రార్థన ఆపాల్సి వచ్చింది. బయటికి వచ్చాక అమ్మ మా ఇంటి వైపు తిరగలేదు. నా చెయ్యి పట్టుకుని తాతయ్య వెనకాలే నడిచి, ఆ గడప దాటి లోపలికి వెళ్ళింది. చూరులో దోపిన చుట్టలన్నీ లాగి వీధిలోకి విసిరికొట్టింది. అవి వచ్చి మా నాన్న కాళ్ళ దగ్గర పడ్డాయి. ఆయన అప్పటికే మా వెనకాలే వచ్చి నిలబడి ఉన్నాడు.

"రావద్దన్నారుగా, వచ్చాను. మీ చేలో ఆకు తాగీ తాగీ మా నాయన ఇట్టా అయిపోయాడు. ఇప్పుడేం చేస్తారో చెయ్యండి," అంది.

అమ్మ అంత గట్టిగా అరవడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. మా నాన్న ఏమీ చేయలేదు. ఆ సాయంత్రమే బండి కట్టుకొచ్చి మిగిలిన ఆకంతా ఎత్తుకెళ్ళి మిరప చేలో ఎరువుగా దున్నేశాడు. తప్పయిందని అనలేదు. బండి కదిలేటప్పుడు మాత్రం "వస్తాను మావయ్యా" అన్నాడు.

కానీ ఆ ఉప్పు ఆకు పొగకి రుచి చచ్చిన తాతయ్య నాలుక మళ్ళీ బాగుపడలేదు. మరుసటి వేసవిలో ఆకు రుచి చూడటానికి ఊరివాళ్ళు ఇంకో ఆయన్ని పిలుచుకున్నారు. ఏ ఊరి పరువు కోసమైతే ఆయన కూతుర్ని పోగొట్టుకోబోయాడో ఆ ఊరు, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా ఆయన ఇంటి ముందు నుంచే వెళ్ళిపోయింది. ఆ ఊరిని నేను ఇప్పటికీ క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు.

అందుకే తీర్పు చెప్పేసి చేతులు దులుపుకుని పోయేవాళ్ళంటే నాకు పడదు. మొహం మీద పొగిడి మళ్ళీ కనపడని వాళ్ళన్నా అంతే. మా మనవరాలు నిరుడు ఒంగోల్లో కర్రీ పాయింట్ పెట్టింది. మొదటి రోజు చుట్టాలందరూ వచ్చి అదిరిపోయిందన్నారు, ఫొటోలు దిగారు, ఆ తర్వాత ఒక్కరూ ఆ గుమ్మం ఎక్కలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఫోన్లలో ఒక్క నక్షత్రం పడేసి పోయారు. పప్పులో మాడు వాసన వస్తోందని దాని మొహం మీదే అన్నది నేనొక్కదాన్నే. అది రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె, నేను మాత్రం రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఆ కొట్లోనే, ఆ పప్పుతోనే అన్నం తిన్నాను. మాడిన రోజు మాడిందని చెప్పి, పళ్ళెం ఖాళీ చేసి వచ్చేదాన్ని.

మొన్న పప్పు కుదిరింది. బాగుందే అన్నాను. నిజమా అమ్మమ్మా అని అది అడగలేదు. వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుని, నా పళ్ళెంలో ఇంకో గరిటె వేసింది.