జపాన్ చొక్కాలకు చైనా బట్ట

చైనా బట్టకు బేరమాడి, చొక్కాకు పన్నెండు రూపాయలు మిగుల్చుకున్న మొనగాడు ఇబ్రహీంపట్నంలో నేనొక్కడినే. కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. అడిగిన ధర ఇచ్చి రావడమంటే మా ఇంట్లో పరువు తక్కువ.

హైదరాబాద్ చుట్టూ భూముల ధరలు ఎగబాకుతున్న రోజులవి. అందరూ ప్లాట్లు కొంటుంటే నేనూ, నా షడ్డకుడూ, అంటే నా భార్య చెల్లెలి భర్త, చెరొక కుట్టు షెడ్డు పెట్టాం. జపాన్‌తో మన దేశానికి ఒప్పందం కుదిరింది, మన చొక్కాలకు అక్కడ సుంకం ఉండదన్నారు. అక్కడి వ్యాపారి ఒకాయన మా ఇద్దరికీ చెరొక చిన్న ఆర్డరు ఇచ్చాడు. ఎవరి సరుకు గిట్టుబాటైతే ఏడాది పొడవునా పని వాళ్ళకే.

షడ్డకుడు తమిళనాడు మిల్లు నుంచి బట్ట తెప్పించాడు. ధర విని నవ్వాను.

"నీకు టోపీ వెట్టిన్రు తమ్మీ!"

"ఏమో అన్నా, ఏజెంటు గదే కొనుమన్నడు."

ఎగుమతి కాగితాలు చూసే ఆ ఏజెంటు నాకూ అదే చెప్పాడు. కమీషన్ కోసమనుకున్నాను.

నా చొక్కాలన్నీ కుట్టాక ఏజెంటు ఫోన్ చేశాడు.

"బట్ట యాడిదన్నా?"

"చైనాది. మస్తు సస్తాగ కొట్టిన."

"గట్లైతే సుంకం మాఫీ లేదు."

"కుట్టింది మనోళ్లే గదనే!"

"కుట్టుడొక్కటే సాలదు. బట్ట గూడ మన దగ్గర్నో జపాన్లనో నేసి ఉండాలె. ఒప్పందంల గట్లనే ఉన్నది."

"జర తగ్గించుమని అడుగరాదు?"

"ఎవర్నన్నా? జపాన్ సర్కారునా?"

ఏడాది ఆర్డరు షడ్డకుడికి వెళ్ళింది. పొద్దున్నే టీ కొట్టు దగ్గర కూర్చుని, పక్కనున్న మంచాల ఊరి నుంచి వచ్చే ఆటోలు అతని షెడ్డు ముందు ఆగడం చూసేవాణ్ణి. దిగేవాళ్ళలో మొన్నటిదాకా నా దగ్గర కుట్టినవాళ్ళూ ఉండేవారు. అతను షెడ్డుకు ఇంకో వరుస రేకులు వేయించిన రోజు, వానొచ్చి కారితే బాగుండుననుకున్నాను. వానొచ్చింది. కారలేదు.

"మా చెల్లె కొత్త ఫ్రిజ్ కొన్నది," అంది నా భార్య.

"సల్లగుండనియ్," అన్నాను. పళ్ళు కొరుక్కుంటూ అన్నాను గనుక దీవెన కింద రాదు.

అసలు లెక్క ఇదీ. అక్కడ పడ్డ సుంకాన్ని ఆ వ్యాపారి నా బిల్లులో కోసుకున్నాడు, చొక్కాకు ముప్పై రూపాయలు. బట్ట బేరంలో మిగిలింది పన్నెండు. చొక్కా ఒక్కంటికి పద్దెనిమిది నా చేతి నుంచి పడింది. ఏడాది ఆర్డరు పోయింది. షడ్డకుడు నాకు చేసిన నష్టం, ఎన్నిసార్లు కూడినా, సున్నా.