గోవిందా అనని అవ్వకు అయిదు మార్కులు

కోయంబత్తూరులో తుడియలూరు దాటాక ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో మాస్ కమ్యూనికేషన్ చదివే పిల్లలు చివరి ఏడు ఒక డాక్యుమెంటరీ తీసి చూపించాలి. కథకు ఇన్ని మార్కులు, కెమెరాకు ఇన్ని, శబ్దానికి ఇన్ని అని ఒక పట్టిక ఉంటుంది. అందులో అన్నిటికన్నా చిన్న గడి అనుమతిది. అయిదే మార్కులు. కానీ ఆ అయిదూ రాకపోతే మిగిలినవి లెక్కలోకి రావు. సినిమా వెనక్కి వస్తుంది, డిగ్రీ ఏడాది వెనక్కి పోతుంది.

ఆ గడి కృష్ణరాజ్ చేతి చలవే. అతను అక్కడ గెస్టు లెక్చరరు, అంటే ఏటేటా మళ్ళీ పిలిస్తేనే లెక్చరరు. రెండేళ్ళ కిందట ఒక విద్యార్థి మిల్లులో పనిచేసే ఆమెను అడక్కుండా వీడియో తీసి ఇంటర్నెట్లో పెడితే, ఆమె తమ్ముళ్ళు కాలేజీ గేటు దాకా వచ్చారు. ఆ రభస సద్దుమణిగాక, ఒక నియమం రాసిపెట్టమని డిపార్టుమెంటు హెడ్డు శంకరన్ పురమాయించాడు. కృష్ణరాజ్ ఒక మధ్యాహ్నం కూర్చుని శుభ్రమైన ఇంగ్లీషులో రాశాడు. సినిమాలో ముఖ్యంగా కనబడే మనిషి కెమెరా వైపు చూస్తూ తన పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు చెప్పి, నన్ను తీయడానికి ఒప్పుకుంటున్నానని తన నోటితో అనాలి. ఒకే షాటు. మరో గొంతు వినబడకూడదు.

అది రాస్తున్నప్పుడు అతనికి వాళ్ళమ్మ గుర్తుకు రాలేదు. సింగానల్లూరులో వాళ్ళింట్లో మాట్లాడేది తెలుగే. దాన్ని రాయడం, చదవడం మాత్రం ఎవరికీ రాదు. వాళ్ళమ్మ కమలం పెళ్ళయిన నాటినుంచి మొగుడి పేరు పలికిన పాపాన పోలేదు. రేషను కొట్లో మొగుడి పేరేమిటని అడిగితే కొడుకును ముందుకు తోసేది. వాడు నాన్న పేరు గట్టిగా అరిచేవాడు. చిన్నతనంలో కృష్ణరాజ్ ఇంటికి చేసిన మొదటి ఉద్యోగం ఆ మరో గొంతు కావడమే.

ఈ ఆచారం గొప్పదని ఎవరూ కళ్ళు తుడుచుకోనక్కర్లేదు. మొగుడి ఆయుష్షు పెళ్ళాం నాలుక మీద ఉంటుందట. దాని కోసం మొగుడు మాత్రం బీడీ కూడా మానడు. ఇందులో పవిత్రత వెతుక్కునేవాళ్ళు వెతుక్కోవచ్చు. కానీ యాభై ఏళ్ళు పాటించాక అది ఆచారంగా మిగలదు, ఆ మనిషి నోటి తీరు అయిపోతుంది. దాన్ని తీసేయమనడానికి అయిదు మార్కులు చాలవు.

ఈ ఏడు జీవిత అనే అమ్మాయి సినిమా తెచ్చింది. కినత్తుకడవులో కొబ్బరితోట వాళ్ళ పిల్ల. తరగతి మొత్తంలో కృష్ణరాజ్‌తో తెలుగులో మాట్లాడేది ఆమె ఒక్కతే. అతను తమిళంలో జవాబిచ్చేవాడు. అంతకుముందు ఏడు ఒక తెలుగు పిల్లాడికి మంచి మార్కులు వేసినందుకు పిల్లల వాట్సాప్ గ్రూపులో "గొల్టి మార్కులు" అని ఎవరో ఎగతాళి చేశారు. తెలుగువాళ్ళను అక్కడ వెక్కిరించే మాట అది. అప్పటినుంచి కాలేజీలో అతని నోట తెలుగు రాలేదు.

జీవిత తీసింది వాళ్ళవ్వ చెన్నమ్మాళ్ కొబ్బరిపీచు తాడు పేనడం. మంచి సినిమా. ముసలామె చేతులు దారి తెలిసిన జంతువుల్లా కదులుతాయి. వెనక ఎక్కడో తాత ఇనప గూటం మీద కాయలు ఒలుస్తున్న చప్పుడు. పెరటాసి నెల శనివారం పెరుమాళ్ళ గుడిలో ఊరు ఊరంతా గోవిందా అని కేక పెడుతుంటే, చెన్నమ్మాళ్ ఒక్కతే చేతులు జోడించి పెదవి కదపక నిలబడి ఉంటుంది. తాత పేరు గోవిందసామి మరి.

సినిమా చివర అనుమతి షాటు.

"నా పేరు చెన్నమ్మాళ్. మా ఇంటాయన పేరు..." అని ఆగి, ముసలామె కెమెరా వెనక్కి చూసి నవ్వింది. "నువ్వు చెప్పు పాపా."

"గోవిందసామి," అంది జీవిత గొంతు.

"ఆఁ, అదే. ఊరు కినత్తుకడవు. తీసుకోండి, నాకేం పోయింది?"

బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ మధుమిత అక్కడే ఆపింది. చెడ్డ మనిషి కాదు, పని తెలిసిన మనిషి. "మధ్యలో ఈ గొంతు ఎవరిది? పెద్దావిడకు వెనకనుంచి అందిస్తున్నారా?" అని తమిళంలో అడిగింది.

"అవ్వ తాత పేరు చెప్పదు మేడం. ఎప్పుడూ చెప్పలేదు."

"అలా అని ఎక్కడుంది? నాకెలా తెలుస్తుంది?" మధుమిత కృష్ణరాజ్ వైపు తిరిగింది. "సార్, మీకేమైనా తెలుసా?"

ఒక్క వాక్యం చాలు. మా అమ్మా అంతే అంటే చాలు. కృష్ణరాజ్ పట్టిక వైపు చూశాడు.

"రూల్ ప్రకారం మరో గొంతు ఉండకూడదు," అన్నాడు.

వారంలో మళ్ళీ తీసి తెస్తే చూస్తానంది మధుమిత. అది ఆమె దయ.

వరండాలో జీవిత వెంటపడింది. "సార్, మీ ఇంట్లో మీ అమ్మ చెప్తాదా?"

"రూల్ అందరికీ ఒకటేనమ్మా," అన్నాడు అతను తమిళంలోనే.

"అదే అడగతా ఉండా సార్. అందరికీ ఒకటేనా అని."

ఆ సాయంత్రం అతను శంకరన్ గదికి వెళ్ళాడు. నియమంలో చిన్న సడలింపు ఇవ్వచ్చేమో, భర్త పేరు బదులు తండ్రి పేరు చెప్పినా సరిపోతుందని స్పష్టంగా చెబుదామా అన్నాడు. రాసిన నియమంలోనే 'లేక' ఉంది కదా, పెళ్ళయినవాళ్ళు భర్త పేరే చెప్పాలని అందరూ అనుకుంటున్నారు అన్నాడు. శంకరన్ నవ్వాడు.

"ఎవరి కోసమయ్యా? మీవాళ్ళ అమ్మాయేనా?"

"ఊరికే, సార్."

"ఊరికే అయితే వచ్చే ఏడు చూద్దాం. నువ్వు వచ్చే ఏడూ ఉంటావుగా?"

కృష్ణరాజ్ కూడా నవ్వి బయటికి వచ్చాడు. తండ్రి పేరు చెప్పించు అని జీవితకు ఫోను చేసి చెప్పవచ్చు. కానీ ఫోను చేస్తే తెలుగులో చేయాలి. చేస్తే ఎవరికో తెలుస్తుంది. చేయకపోవడానికి ఇలాంటి కారణాలు ఎన్నయినా దొరుకుతాయి. ఇంటికెళ్ళి తిండి తింటూ వాళ్ళమ్మను మాత్రం అడిగాడు.

"అమ్మా, ఎవరన్నా కెమెరా పెట్టి నాన్న పేరు చెప్పమంటే?"

"నిన్ను పిలుస్తా. ఇంకెందుకురా నిన్ను కనింది?" అంది కమలం, రసం వడ్డిస్తూ.

వారం తిరిగింది. కొత్త షాటులో అదే అరుగు, అదే తాడు. వెనక కాయలు ఒలుస్తున్న చప్పుడు. ఈసారి చెన్నమ్మాళ్ ఉతికిన చీర కట్టుకుని, ఆసుపత్రిలో కూర్చున్నట్టు బిగదీసుకుని కూర్చుంది. నవ్వలేదు.

"నా పేరు చెన్నమ్మాళ్. మా ఇంటాయన పేరు గోవిందసామి."

వెనక చప్పుడు ఆగిపోయింది.

ఆమె ఆ వైపు తల తిప్పలేదు. కెమెరానే చూస్తూ ఊరు చెప్పింది, ఒప్పుకుంటున్నానంది. చేతిలో తాడు మెలి విడిపోతోంది. పేనిన మనిషే దాన్ని పట్టించుకోలేదు. షాటు ముగిసేదాకా కాయలు ఒలిచే చప్పుడు మళ్ళీ మొదలుకాలేదు.

"ఇక్కడ శబ్దం తెగింది," అంది మధుమిత. "ఎడిట్ చేసినట్టుంది. శబ్దానికి ఒక మార్కు తగ్గిద్దామా?"

"ఎడిట్ కాదు మేడం. అక్కడ పని చేస్తున్నాయన ఆపాడు," అన్నాడు కృష్ణరాజ్.

"ఎందుకు?"

చెప్పాల్సినప్పుడు చెప్పనివాడు ఇప్పుడు చెప్పి లాభమేముంది? "తెలియదు," అన్నాడు. మార్కు తగ్గలేదు. అనుమతి గడిలో అయిదుకు అయిదు అతనే వేశాడు. జీవిత గట్టెక్కింది. మంచి మార్కులతోనే.

పెన్ డ్రైవ్ తీసుకోవడానికి వచ్చినప్పుడు స్టాఫ్ రూములో ఇంకెవరూ లేరు. కృష్ణరాజ్ చాలా రోజుల తర్వాత కాలేజీలో తెలుగు మాట్లాడాడు.

"అవ్వ ఎట్లుండాది పాపా?"

జీవిత పెన్ డ్రైవ్‌ను సంచిలో వేసుకుంది. "బాగున్నారు సార్, థాంక్యూ," అని తమిళంలో జవాబిచ్చి వెళ్ళిపోయింది.