మరపాచి బొమ్మకు రెండో పెళ్లి

ఆ రోజుల్లో సాయంత్రాలు ఇప్పటికంటే పొడుగ్గా ఉండేవని నేనంటే మా పిల్లలు నవ్వుతారు. నిజంగానే ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం పుణ్యమా అని కిరసనాయిలు దొరక్క, తిరుపతిలో మా వీధి వీధంతా పొద్దు కుంకకముందే అన్నాలు తినేసి, ఇంక ఏం చేయాలో తెలియక తిన్నెల మీద చేరేది. కాలక్షేపానికి ఏమైనా కొనుక్కోవచ్చని ఎవరికీ తోచేది కాదు. ఎవరికి చేతనైన సంతోషం వాళ్లు ఇంట్లోనే తయారుచేసుకునేవాళ్లు. బడిపంతులైన మా నాయన ఆదివారం వస్తే సైకిలంతా విప్పి, తుడిచి, మళ్లీ బిగించేవాడు (ప్రతిసారీ ఒకటో రెండో మరలు మిగిలేవి. అవి లేకుండానే సైకిలు నడుస్తున్నందుకు ఆయన ముఖంలో గర్వం చూసి తీరాలి). మా అవ్వ వక్కాకు నములుతూ, చిరిగిన చీరల అంచులు కత్తిరించి నా బొమ్మలకు చీరలు కుట్టేది. మా తాతేమో కోర్టు నడిపేవాడు.

తాత చిత్తూరులో బెంచి గుమాస్తాగా పనిచేశాడు. అంటే జడ్జీ గారి ఎత్తు బల్ల కింద కూర్చుని, పైనుంచి పడిన ప్రతి మాటనూ కాగితం మీద ఎక్కించే ఉద్యోగం. ముప్పై ఏళ్లు రాశాడు. అందులో ఒక్క తీర్పూ తనది కాదు. పింఛను పుచ్చుకుని మా ఇంటికి వచ్చిన వారానికే, తిన్నె మీద పేము కుర్చీ వేయించుకుని, వీధి పిల్లల తగాదాలు విచారించడం మొదలుపెట్టాడు. ఉట్టి మీద బెల్లం ఎవరు తిన్నారు, పక్కింటి పిల్లి మా పాలు తాగడం పిల్లి తప్పా, మూత పెట్టని మా అమ్మ తప్పా, ఇలాంటి దావాలు. వాది, ప్రతివాది, సాక్షులు, వాయిదాలు, అన్నీ ఉండేవి. ఎదురుగా రెండడుగుల దూరంలో నిలబడ్డవాళ్లనైనా సరే, వీధి చివరికి వినపడేలా మూడుసార్లు పేరు పెట్టి పిలిస్తే తప్ప విచారణ మొదలయ్యేది కాదు. ఆ గంటసేపు ఆయన నడుం నొప్పి ఎటు పోయేదో! ఆయన మమ్మల్ని ఆడిస్తున్నాడని మేమనుకునేవాళ్లం. ఆడుకుంటున్నది ఆయనేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పక్కింట్లో నా ఈడుదే ఒక పిల్ల ఉండేది. దాన్ని అందరూ గుండు అని పిలిచేవాళ్లు. వాళ్లమ్మ ప్రతి జ్వరానికీ కొండకు మొక్కుకునేది గనక, దాని వెంట్రుకలు ఎప్పుడూ జడ దాకా రాలేదు. మా ఇద్దరికీ మరపాచి బొమ్మలుండేవి. ఎర్రచందనం కొయ్యతో చెక్కిన మొగుడూ పెళ్లాల జత అది. మా ఊళ్లో ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక జత ఉండేది. గుండు వాళ్ల తమ్ముడికి పళ్లొచ్చే కాలంలో వాళ్లమ్మ పెళ్లాం బొమ్మను నమలడానికిచ్చింది. వాడు శుభ్రంగా నమిలి, తీసుకెళ్లి బావిలో పారేశాడు. మొగుడు బొమ్మ ఒంటరివాడైపోయాడు. ఓ నాలుగు రోజులు చూసి గుండు నా దగ్గరికి వచ్చింది.

"మావాడు ఒగడే అయిపోయినాడు. నీ బొమ్మనిస్తావా? పెండ్లి సేద్దాం" అంది.

పెళ్లి అనేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. బొరుగులు, బెల్లం, పందిరి, ఊరేగింపు, అన్నీ కళ్లముందు తిరిగాయి. సరేనన్నాను. లోపలినుంచి అవ్వ ఒక్క అరుపు అరిచింది.

"మొగుడు పక్కనే నిలబడుకోనుంటే దానికి ఇంగో పెండ్లి ఏందే? యాడన్నా ఉండాదా ఈ చోద్యం? నా కొంపలో జరగనీను!"

ఇంకేం, దావా పడింది. సాయంత్రం తిన్నె మీద కోర్టు కూర్చుంది. పెళ్లికూతురి తరఫు వకీలును నేనే (వకీళ్లంతా చెయ్యి ఊపుతూ మాట్లాడతారని తాత చెప్పగా విన్నాను గనక, నేనూ ఊపాను). సాక్షి మా అవ్వ.

"వాళ్లిద్దరికీ పెండ్లి అయ్యిందని నీకెట్ల తెలుసు?" అన్నాను.

"నాకు తెలీక? అంగట్లో తెచ్చింది నేనే గదా. జత అని సెప్పి ఇచ్చినాడు."

"తాళి కట్టింది సూసినావా?"

"కొయ్యబొమ్మకు తాళి యాడ కడతారే, పిచ్చిదానా!"

"పెండ్లి కూడు తిన్నావా?"

"ల్యా."

"మరి జత అని ఎట్ల నమ్మితివి?"

"రెండిట్నీ ఒగే దారంతో కట్టిచ్చినాడు గదా!"

"తమలపాకులు గూడా దారంతోనే కట్టిస్తాడు. ఆకుకూ ఆకుకూ పెండ్లయినట్టేనా?"

తాత కుర్చీలోంచి పడబోయి నిలదొక్కుకున్నాడు. అంత సంతోషం ఆయన ముఖంలో అంతకుముందు నేను చూడలేదు. గొంతు సవరించుకుని, కోర్టు భాషలో తీర్పు చెప్పాడు. "ఒకే అంగటియందు కొనబడి, ఒకే సంచిలో ప్రయాణము చేసినంత మాత్రమున వీరిరువురూ దంపతులు కానేరరు. పెండ్లి జరుపుకొనవచ్చును." అవ్వ మూతి తిప్పింది. "ఈ లెక్కన మన పెండ్లికి గూడా సాక్ష్యం సూపించు. సూసినోళ్లంతా ఎప్పుడో పోయిరి" అని లోపలికి వెళ్లిపోయింది. నేను గెలిచాను. నాలుగు రోజులు నేల మీద నడిస్తే ఒట్టు.

ఆదివారం పెళ్లి జరిగింది. బొరుగులు, బెల్లం, వేయించిన పప్పులు పెట్టాము. చక్కెర అప్పుడు చూడటానికైనా దొరికేది కాదు. అంతగా అరిచిన అవ్వే ముందురోజు కూర్చుని పెళ్లికూతురికి జరీ అంచు చీర కుట్టిపెట్టింది. నాయన సైకిలు గంట కొడితే అదే మేళం. తాత పంచె అంచు సర్దుకుని పెద్దమనిషిగా కూర్చున్నాడు. అంతా అయ్యాక గుండు లేచి, పెళ్లికూతుర్ని ఒడిలో పెట్టుకుని, వాళ్లమ్మ గొంతుతో, "సరే వదినా, మా కోడల్ని తోలుకోని పోతాండాము" అంది.

అప్పుడు వెలిగింది నాకు! తాళి గురించీ, దారం గురించీ అంత వాదించిన వకీలుకు, పెళ్లయ్యాక పిల్ల అత్తగారింటికి పోతుందన్న సంగతి తట్టనే లేదు. ఆ పెళ్లిలో నేను గొంతెత్తి ఏడ్చినట్టు నిజం పెళ్లికూతుళ్లు కూడా ఏడ్చి ఉండరు. తాత కొంగు పట్టుకుందామంటే కొంగు లేదు గనక కండువా పట్టుకుని లాగాను. తీర్పు కొట్టెయ్యమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇచ్చిన తీర్పు ఇచ్చినోడే కొట్టేస్తే అది కోర్టు కాదు బిడ్డా. నువ్వే గదా అడిగి తీసుకుంటివి" అన్నాడు. బొమ్మ వెళ్లిపోయింది. మిగిలిన మొగుడు బొమ్మ నా పెట్టెలో వెల్లకిలా పడుకుని నావైపే చూస్తూ ఉన్నాడు. వాణ్ని చూస్తే నాకు ఏడుపు ఇంకా ఎక్కువయ్యేది.

నేను కోర్టును వెలివేశాను. తొమ్మిదేళ్ల దాన్ని, ఇంకేం చేయగలను? సాయంత్రమైతే తిన్నె ఎక్కేదాన్ని కాదు. నేను లేకపోతే గుండు రాదు, మేమిద్దరం లేకపోతే వీధి పిల్లలు రారు. తాత కుర్చీలో కూర్చుని, వీధిని అటూ ఇటూ చూసి, "ఎవురికన్నా తగాదాలు ఉండాయా?" అని కేకేసేవాడు. కొండకు పోయేవాళ్లు గోవిందా అనుకుంటూ ముందునుంచి నడిచిపోయేవాళ్లు తప్ప ఎవరూ పలికేవాళ్లు కాదు. "ఏం దొరా, కోర్టుకు సెలవులిచ్చినారా?" అని అవ్వ వేళాకోళం చేసినా ఆయన నవ్వలేదు. మూడో రోజు దీపం పెట్టకముందే లోపలికొచ్చి నడుం వాల్చాడు. నడుం నొప్పి మళ్లీ వచ్చిందన్నాడు. తలుపు పక్కనుంచి చూసి, బాగా అయింది అనుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నాలుగో రోజు తాత నన్ను పిలిచాడు, మూడుసార్లు, కోర్టు గొంతుతోనే. వెళ్లి చూస్తే పేము కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన మెట్టు కింద, కండువా నడుముకు చుట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కూసో తల్లీ. ఈ పొద్దు జడ్జీవి నువ్వే. నేను కింద కూసోని రాస్తా. రాసేది నాకు అలవాటే" అన్నాడు.

కుర్చీ ఎక్కాను. కాళ్లు నేలకందలేదు. తాత కింద మెట్టు మీద కూర్చుని, పాత కవరు చింపి తిరగేసి (కాగితాలకూ కరువే అప్పుడు) ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత గుండును పిలిచాడు. అది బొమ్మను గుండెకు హత్తుకుని వచ్చింది. బొమ్మ తలలో తాజా కనకాంబరాలున్నాయి. వాళ్లమ్మ పూలు కట్టి అమ్మేది.

"అర్జీదారుడు సెప్పుకునేదేమంటే దొరా, పోయిన తీర్పులో జడ్జీ ఒగ తప్పు సేసినాడు. పెండ్లయినాక పిల్ల యాడ ఉండల్ల అని ఎవుర్నీ అడగల్యా. దాన్ని దిద్దేది మీ సేతిలో ఉండాది" అన్నాడు తాత.

గుండును ఏం చెప్పుకుంటావని అడిగాను. అది తల వంచుకుని, "నాకు ఆడబొమ్మ ల్యా. ఇది పోతే మావాడు మళ్లా ఒగడే అయిపోతాడు. రోజూ పూలు పెడతాండా దానికి" అంది. అంతే చెప్పింది. చెయ్యి కూడా ఊపలేదు.

న్యాయం ఎటుందో నాకు స్పష్టంగా తెలిసింది. ఇది మాత్రం దాచను. తెలిసి కూడా, "బొమ్మ నాకే" అన్నాను.

తాత తలెత్తలేదు. "కారణం సెప్పల్ల దొరా. కారణం ల్యాకుండా తీర్పు రాయకూడదు."

"బొమ్మ నాది గాబట్టి."

రాశాడు. "ఇంకా?"

ఎంత వెతికినా ఇంకేమీ దొరకలేదు. "నాకు కావల్ల గాబట్టి" అన్నాను.

అదీ రాశాడు. రాసి, లేచి నిలబడి, వీధంతా వినపడేలా చదివాడు. "బొమ్మ తమదే అయినందువల్లనూ, మరియు అది తమకు కావలసినందువల్లనూ, న్యాయమూర్తి వారు సదరు బొమ్మను తమకే ఇప్పించుకొనుచూ తీర్పు చెప్పిరి." నేను చెప్పిన మాటలే. కానీ ఆ గొంతులో వింటుంటే నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. గుండు ఏడవలేదు. మెట్టెక్కి వచ్చి బొమ్మను నా ఒళ్లో పెట్టి, "పూలు వాడిపోతే తీసెయ్యి. దానికి తల నొస్తాది" అని చెప్పి వెళ్లిపోయింది.

లోపల అవ్వ తాతను కేకలేసింది. "పసిబిడ్డ సేత అట్లనా సెప్పించేది? బుద్ధుండాదా నీకు?" దానికి తాత మెల్లగా అన్న మాట నా చెవిన పడింది. "ముప్పై ఏండ్లు రాస్తిని. అసలు కారణం నోటితో సెప్పిన జడ్జీని ఈ పొద్దే సూస్తిని."

నేనది పొగడ్త అనుకున్నాను! ఎంత నిజంగా అనుకున్నానంటే, తెల్లవారగానే బొమ్మను చంకలో పెట్టుకుని ఆ సంగతి చెప్పడానికి గుండు దగ్గరికే పరిగెత్తాను. "మా తాత నన్ను మెచ్చుకున్నాడు తెలుసునా?" అన్నాను. అది కళ్లు పెద్దవి చేసి, "అవునా!" అని నిజంగా సంతోషపడింది. మాట్లాడుతూనే నా చంకలోంచి బొమ్మను తీసుకుని, వాడిన పూలు తీసేసి, వాళ్లమ్మ గంపలోంచి కొత్తవి పెట్టింది. ఇద్దరం అక్కడే మధ్యాహ్నం దాకా ఆడుకున్నాం. నేను ఒట్టి చేతులతో ఇంటికి వచ్చాను.

సాయంత్రం తిన్నె మీద తాత అడిగాడు. "బొమ్మ యాడమ్మా?"

"గుండు వాళ్లింట్లో మరిసిపోయినా" అన్నాను.

జడ్జీల గురించి ఆయన అవ్వతో అన్న ఆ మాట పొగడ్త కాదని తెలియడానికి నాకు పదేళ్లు పట్టింది. పూర్తిగా తిట్టూ కాదని తెలిసేసరికి నాకే మనవరాళ్లు పుట్టారు. ఇన్నేళ్ల తర్వాత మీ ముందు ఒప్పుకుంటున్నాను, ఆ రోజు నేను మరిచిపోలేదు. గడప దాటేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూసి మరీ వచ్చాను. బొమ్మ ఇచ్చేశానని చెప్పడానికి తొమ్మిదేళ్ల న్యాయమూర్తికి నోరు రాలేదు, అంతే. తాత ఇంకా ఏదో అడుగుతాడని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాను. ఆయన కారణం అడగలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, గుండు పేరూ నా పేరూ మూడేసిసార్లు పిలిచాడు.