మార్తవ్వ ప్రార్థించిన భాష

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగితే గోదావరిఖనిలోని మా ఇంటి కిటికీ అద్దాలు ముందు జలదరిస్తాయి, ఆ తర్వాత కాళ్ల కింద నేల సన్నగా వణుకుతుంది. నిన్న కూడా వణికింది. గోడ మీది సున్నం రాలి, నాలుక మీద దుమ్ము రుచి తగిలింది. అప్రయత్నంగా పక్కింటి వైపు చెవి పెట్టాను. ఒకప్పుడు సరిగ్గా ఇటువంటి క్షణాన అటు నుంచి "పట్టు తండ్రీ, పట్టు!" అని దేవుణ్ని కేకేసే గొంతు వినిపించేది, దిగబడిన బండికి చెయ్యి వేయమని ఇంటి మనిషిని పిలిచినట్టు. ఆ గొంతు మార్తవ్వది. ఆమె చనిపోయి చాలాకాలమైంది. చనిపోవడానికి ఎన్నో ఏళ్ల ముందే ఆ గొంతు ఆగిపోయింది. నేను రాయదలచుకున్నది ఆ ఆగిపోవడం గురించి.

నేను గనిలో హాజరు గుమస్తాగా పనిచేశాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కొత్తగూడెం నుంచి బదిలీ మీద ఇక్కడికి వచ్చాను. మా వరుస క్వార్టర్లలో ప్రతి బుధవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. ఏదైనా ముందుగా రాసుకోనిదే చేయలేని మనిషిని నేను. రోజూ డైరీ రాసినట్టే, మొదటి కూడికకు ప్రార్థన కూడా కాగితం మీద రాసుకుని వెళ్లాను. చదివి కూర్చోగానే ఎదురుగా చాప మీదున్న ముసలామె, మా పక్కింటి మార్తవ్వ, అంది: "ఏంది సారు, దేవునికి అర్జీ పెట్టుకున్నవా? కింద సంతకం జేసినవా మరి?"

ఆడవాళ్లంతా నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత ఆమే మోకరించింది. ఆమె భర్త యాకోబు, భూగర్భంలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్, అప్పుడు డ్యూటీలో ఉన్నాడు. "అయ్యా, మా ముసలోడు బాయిల దిగిండు. గా కప్పు కింద నీ భుజం పెట్టు. అందరు నాగా పెట్టినా నువ్వు నాగా పెట్టకు. మూడు షిఫ్టులు నీయే. ఓటీ గీటీ అడుగుతవేమో, మా తాన లేదు."

ఇక్కడి వాళ్లకు గని అంటే బాయి, పనికి రాకపోవడం నాగా, అదనపు పనికిచ్చే కూలి ఓటీ. ఆ నాగా అనే మాటను నేను ఉద్యోగమంతా ఎర్ర సిరాతో రాశాను. అది దేవుడి దాకా పోగల మాట అని ఆ సాయంత్రం వరకు నాకు తోచలేదు. నవ్విన ఆడవాళ్లే ఇప్పుడు కళ్లు తుడుచుకుంటున్నారు. వాళ్ల మగవాళ్లలో సగంమంది యాకోబుతోపాటు లోపలే ఉన్నారు.

మా ఆవిడకు ఆపరేషన్ అయిన రోజు మార్తవ్వ దవాఖానకు వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది. "రాసుకొచ్చినవా?" అని అడిగింది.

"లేదవ్వా. రాద్దామంటే మాట దొరకడం లేదు."

"మంచిగైంది. నీ పెండ్లాం గురించి చెప్పనీకె కాగితమెందుకు? ఉన్నది ఉన్నట్టు అడుగు."

తల వంచగానే నా నోట వచ్చింది: "దేవా, ఈమె లేకపోతే నాకు చాయ్ పెట్టుకోవడం కూడా రాదు." మార్తవ్వ నా వీపు తట్టి, "గంతే. గదే ప్రార్థన," అంది. నలభై ఏళ్లు మందిరానికి వెళ్లిన నాకు ప్రార్థించడం నేర్పింది ఆమె.

కొన్నేళ్లకు మా సంఘానికి కొత్త పాస్టరు వచ్చాడు. పట్నం నుంచి అతిథులను పిలిచి పెద్ద సభ పెట్టించాడు, వీడియో తీయించాడు. మార్తవ్వ ప్రార్థనలో "నాగా పెట్టకు" అనగానే వేదిక మీద ఒక అతిథి ఫక్కున నవ్వాడు. తరువాతి ఆదివారమే కమిటీ కూర్చుంది. ఇకపై మందిరంలో శుభ్రమైన భాషలోనే ప్రార్థించాలన్నారు. నేను కాదన్నాను. "మీకంత ఇష్టముంటే మీ ఇంట్లో చేయించుకోండి సారూ. ఇది మందిరం, బాయిగడ్డ కాదు," అన్నాడు కోశాధికారి. అతని తండ్రి అదే బాయిలో తట్ట మోసినవాడు.

మార్తవ్వను పిలిచి చెప్పారు. ఆమెకు అర్థం కాలేదు. "గిన్నేండ్లు గీ నోటితోనే అడిగిన. దేవుడు ఇన్నడు గద, అయ్యగారు?"

పాస్టరు చాలా మృదువుగా అన్నాడు: "సహించాడమ్మా."

ఆ వానాకాలంలోనే యాకోబు ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. సమాధి దగ్గర ప్రార్థన చేయమంటే ఆమె పాస్టరు వైపు చెయ్యి చూపింది. ఇంటికి వచ్చాక గడపలో కూర్చుని నన్ను అడిగింది: "సారు, సహించి సహించి దేవునికి యాష్టకొచ్చిందా, ఇసుగొచ్చిందా? నా మోటు మాటకేనా ముసలోణ్ని తీస్కపోయిండు?"

"కాదవ్వా, ఆ మాట ఎన్నటికీ అనుకోకు," అన్నాను. ఆమె నా ముఖం వైపు చూసింది గానీ నమ్మలేదు. ఒక్క మాటతో పాస్టరు ఆమెలో నాటిన భయం నేను ఎన్ని మాటలు చెప్పినా పోలేదు. ఆనాటి నుంచి ఆమె ముందు వరుసలో కూర్చునేది. పాస్టరు ప్రార్థిస్తుంటే పెదవులు కదుపుతూ ఒక్కొక్క మాటే నేర్చుకునేది.

ప్రత్యేక రాష్ట్రం వచ్చింది. మన యాస, మన భాష అని ఊరంతా మైకులు మోగాయి. మా మందిరంలోనూ కృతజ్ఞత కూడిక పెట్టారు. కోశాధికారి మెడలో గులాబీ కండువాతో మైకు అందుకుని, "మార్తవ్వా, లే! మన బాయి మాటల్ల ఒక ప్రార్థన జెయ్యి. ఇగ మనల్ని ఆపేటోడెవడు?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆమె లేచింది. చేతులు జోడించి, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది: "మహోన్నతుడవును పరిశుద్ధుడవునైన మా పరలోకపు తండ్రీ, నీ శ్రేష్ఠమైన నామమునకు వందనములు చెల్లించుచున్నాము..." ఎక్కడా తడబడలేదు. అందులో బాయి లేదు, యాకోబు లేడు, ఆమె లేదు. ముగియగానే అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. కోశాధికారి కూడా అన్నాడు.

బయట చెప్పులు వేసుకుంటూ ఆమె నా చెయ్యి పట్టుకుంది. "తప్పులు రాలేదు గద సారు?"

"ఒక్కటి కూడా రాలేదవ్వా," అన్నాను. ఆమె ముఖం విచ్చుకుంది. పరీక్షలో గట్టెక్కిన సంతోషం అది.

ఇప్పటికీ ప్రతి ఆదివారం అందరితో కలిసి ప్రభువు ప్రార్థన చెబుతాను. ఇతరులను మేము క్షమించినట్టు మమ్మల్ని క్షమించమనే చోట అందరి గొంతులూ ముందుకు సాగిపోతాయి. నాది అక్కడే ఆగుతుంది. ఆ వాక్యం అయిపోయాక మళ్లీ వాళ్లతో కలుస్తాను.