కుందేలుకు ఊపిరాడని రోజు

ఆ బళ్ళో పిల్లల మనసు కనిపెట్టే ఉద్యోగం గుండీల టీచరుది. ఆమె లెక్కలూ ఎక్కాలూ చెప్పదు. ఎవరు అలిగినా, కొట్టుకున్నా, ఊరికే ఏడ్చినా ఆమె గదికి పంపుతారు. అక్కడ పాత బిస్కెట్ డబ్బా నిండా చొక్కా గుండీలుంటాయి. నోరు విప్పలేని పిల్లలు ఒక గుండీ తీసి బల్లమీద పెడితే చాలు. ఎరుపు కోపం, నీలం దిగులు, పసుపు సంతోషం, నలుపు కుళ్ళు. ఆ అర్థాలు పిల్లలు పెట్టినవే.

ఎలాంటి మొండిఘటమైనా ఆమె దగ్గర ఎప్పుడో ఒకప్పుడు నోరు విప్పేది, రెండో తరగతి మూగనోము పిల్ల తప్ప. ఇంట్లో వసపిట్టట, బడి గుమ్మం దాటితే నోటికి తాళం. సంచి ఒళ్ళోంచి దించదు. టీచరు తొందరపెట్టకుండా ఎదురుగా కూర్చుని తనూ గుండీలు ఏరేది. ఆ పిల్ల మొదటి మాట తనదేనని పైకి అనలేదు గానీ, లోపల ఎప్పుడో రాసిపెట్టేసుకుంది.

అంతలో పిల్లలు ఎక్కువయ్యారని ఇంకొకామెను తెచ్చారు. చిన్న వయసు. చేతికి తొడుక్కునే కుందేలు బొమ్మ ఒకటి ఉంది. చెప్పదలచుకున్నది దాని చెవిలో చెప్పొచ్చు. వారం తిరక్కుండానే మూగనోము పిల్ల ఆ చెవిలో, "మా చెల్లికి పళ్ళు లేవు" అందిట. టీచర్ల గదిలో ఆ పూటంతా అదే ముచ్చట. పెద్ద మేడం గుండీల టీచరు వైపు తిరిగి, "ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారే, ఇదే" అంది.

"ఇక్కడ వెనకొచ్చినవీ చెవులేనండి" అని అందర్నీ నవ్వించింది గుండీల టీచరు. నవ్వించింది గానీ కడుపు భగ్గుమంది. దున్నిందీ కలుపు తీసిందీ తనైతే, కోసుకుపోయింది ఆ గుడ్డముక్కా?

"అంతా మీ చలవే అక్కా" అంది కొత్తామె. ఆ మంచితనం చూస్తే ఇంకా మంట. కాస్త పొగరు చూపించినా తిట్టుకోవడానికి వీలుండేది, అదీ లేదాయె.

మర్నాడు పొద్దున కొత్తామె గది తెరిచే ఉంది, మనిషి లేదు. కిటికీలో కుందేలు కూర్చుంది. మురికి పట్టింది, ఉతికిస్తే మంచిదనుకుంది గుండీల టీచరు. ఉతకడమూ లేదు, పాడూ లేదు. తీసుకొచ్చి తన బీరువాలో కుక్కి తలుపు మూసేసింది. ఒక్కరోజు ఆ పిల్ల తన దగ్గర కూర్చుంటే ఎవరి కొంప మునుగుతుంది?

పిల్ల కొంపే మునిగింది. కుందేలు లేదనేసరికి మళ్ళీ బిగుసుకుపోయింది. చేసేది లేక కొత్తామె పిల్ల చెయ్యి పట్టుకుని గుండీల గదికి తీసుకొచ్చి, "కాసేపు కూర్చోబెట్టుకోండక్కా. బొమ్మ ఎక్కడ పెట్టానో ఏమో, వెతుక్కోవాలి" అని వెళ్ళిపోయింది.

పిల్ల గుండీలు ఏరుతూ ఏరుతూ బీరువా వైపు చూసి ఆగిపోయింది. తలుపు సందులోంచి కుందేలు చెవి కొస బయటికొచ్చి ఉంది. డబ్బా అంతా కెలికి నల్ల గుండీ ఒకటి తీసింది. తన ముందు పెట్టుకోలేదు, టీచరు ముందు పెట్టింది.

"దానికి ఊపిరాడదు టీచర్" అంది.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ గొంతు కోసమేగా ఇన్నాళ్ళూ కాచుకుంది. లేచి తలుపు తీసి బొమ్మను చేతికిచ్చింది. పిల్ల దాని చెవులు సర్దుతూ, "నేనెవరికీ చెప్పనులే" అంది ఓదార్పుగా.

ఊరుకుంటే సరిపోయేది. పిల్లా దక్కేది, పరువూ దక్కేది. కానీ తన గదికొచ్చే ప్రతి పిల్లకీ ఆమె చెప్పే మొదటి పాఠమే అది: పెద్దవాళ్ళ తప్పును పిల్లలు కడుపులో దాచుకోకూడదని. ఇన్నాళ్ళకు తెరిచిన నోరు తన కోసం మళ్ళీ మూతపడబోతోంది.

"దాచకూడదమ్మా. తీసింది నేను, చెప్పాల్సిందీ నేనే. నాతో వస్తావా?"

కొత్తామె బల్ల కింద దూరి వెతుకుతోంది. కుందేలును చూసి, "ఎక్కడ దొరికిందక్కా?" అంది.

"దొరకలేదు, నేనే దాచాను. పిల్ల నీతో మాట్లాడిందని ఓర్చుకోలేకపోయాను."

కొత్తామె మొహం ఎర్రబడింది. పిల్ల ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కుందేలును బల్లమీద పెట్టేసింది.

"నేను కూడా దాచాను" అంది. "మా చెల్లి గిలక్కాయ. సంచిలోనే ఉంది. అమ్మకి చెప్పలేదు."

ఇద్దరు టీచర్లూ నేలమీద కూర్చున్నారు. సంచి జిప్పు పిల్లే తీసింది.