అత్త ఒడిలో తెచ్చిన వావిలాకు

మా అత్త పోయిన ఆదివారం పొద్దున కన్నుమూసింది. జ్వరం పట్టిన వారానికే ప్రాణం పోయింది. వావిలాకు ఆవిరి నేనే పట్టాను. ఆమె దగ్గర నేర్చుకున్న పని ఆమెకే అక్కరకు రాలేదు.

రాయచోటి వైపు కొండల కింద మా ఊరు. ఈ చుట్టుపక్కలవాళ్లు చాలామంది ఆమె చేతి కాపడం ఎరుగుదురు. వావిలాకు వేడిచేసి, పట్టేసిన మోకాళ్లకు కట్టేది. బాలింతలకు ఆ ఆకు కాచిన నీళ్లే పోసేది. ఎండిన ఆకు దిండులో కుట్టి, జలుబు చేసిన పిల్లల తల కింద పెట్టేది. ఎవరైనా ఆ ఆకుకు దండం పెడితే చిరాకు పడేది.

"నొప్పి తగ్గిస్తాది, అంతే. అది దేవుడు కాదు, చెట్టు."

ఆ మాట ఎందుకనేదో నాకు తెలుసు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే వేళ విషజ్వరం ఊరిని పట్టింది. నేను అప్పుడు పచ్చి బాలింతను. నేనూ, నా పెనిమిటీ ఒకే గదిలో చెరోపక్క పడిపోయాం. వంకలోని వావిలి పొదలన్నీ జనం దూసేశారు. అత్త సర్కారు అడవిలోకి పోయింది. అక్కడ అడవి కాపలా జవాను పట్టుకుని కొడవలి లాక్కున్నాడట.

"కొడవలి నువ్వే పెట్టుకోప్పా. ఆకు ఇయ్యి. ఇంట్లో బాలింత ఉండాది, నా కొడుకుండాడు," అని కాళ్ల మీద పడిందట. ఒడిలో పట్టినంత తీసుకుని పొమ్మన్నాడట.

ఆ కాస్త ఆకునే రెండు కుండల్లో వేసింది. ఒకటి నా దుప్పటి కింద, ఒకటి ఆయన దుప్పటి కింద. "పీల్చు నాయనా, ఊపిరి పీల్చు," అని ఆమె అరవడం ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన పీల్చలేకపోయాడు. నేను బతికాను.

"అంతా ఆయనకే పెట్టింటే బతికేవాడేమో అత్తా," అని ఏడ్చాను.

"అట్ల అనొద్దు. ఇద్దరూ నా బిడ్డలే. పసిదానికి పాలియ్యి, ఆకలితో ఉండాది," అంది. మళ్లీ ఆ ప్రస్తావన మా మధ్య రాలేదు.

అత్త పోయే ముందురోజు నేను ఆవిరి కుండ దగ్గరికి జరిపితే, "శానా వేడుండాది, నీ చెయ్యి కాలుతాది," అని నా చేతిని పక్కకు తోసింది.

ఆమెను కొడుకు పక్కనే పూడ్చి వచ్చేసరికి, పొరుగూరి ఆడమనిషి ఒకామె జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఒళ్లో వేసుకుని మా వాకిట్లో కూర్చుని ఉంది.

"వావిలాకు అమ్మ యాడ?" అంది.

పొయ్యి రాజేశాను. కుండలో ఆకు వేశాను. ఆ తల్లి బిడ్డ ముఖాన్ని ఆవిరికి పట్టి, నా వైపే చూస్తూ ఉంది.